ముందు ఎలుక ఒంటి వేడి చూడు

చిరంజీవి మాధవికి,

అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, పక్షవాతంలో కాల్షియం పాత్ర మీద పనిచేయబోతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. రక్తం అందని మెదడు కణంలోకి అదుపు లేకుండా చొరబడే కాల్షియమే ఆ కణాన్ని చంపుతుందన్న ఊహను 1980ల తొలినాళ్లలో బలంగా ముందుకు తెచ్చిన బో సీషో పనిచేసిన ఊరు అది. నేను జెరాక్స్ ప్రతుల్లో మాత్రమే చూసిన ఊరికి నువ్వు పెట్టె సర్దుకుని వెళుతున్నావు. గర్వంగా ఉంది, దిగులుగానూ ఉంది. ఆ దిగులు అక్కడి చలి గురించి కాదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. నోటుబుక్కులో పెన్సిలుతో రాయకు. ఏ ఎలుకకు మందు, ఏ ఎలుకకు ఉత్త ద్రావణం అన్నది చీటీలు తీసి మరొకరు నిర్ణయించాలి, శస్త్రచికిత్స చేసే నీకు అది తెలియకూడదు. కాల్షియం-45తో పని పడితే చేతి తొడుగులు మరవకు. మేము ఆ రోజుల్లో పిపెట్టును నోటితో పీల్చేవాళ్లం. ఎముకల్లో చేరి కూర్చునే రేడియోధార్మిక పదార్థాన్ని నాలుకకు జానెడు దూరంలో ఆపుకున్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక నువ్వు పంపిన పరిశోధన ప్రతిపాదన. మూడో పేజీలో, ‘కాల్షియం ప్రవేశాన్ని అడ్డుకుంటే నాడీకణాలు బతుకుతాయి’ అని రాశావు. ఆ వాక్యాన్ని కొట్టివేయి. నీ వయసులో నేనూ అదే రాశాను కాబట్టి కోప్పడే హక్కు నాకుంది. కణం బయట కాల్షియం లోపలికన్నా దాదాపు 10,000 రెట్లు ఎక్కువ ఉంటుంది, ఆ తేడాను నిలబెట్టే ఖర్చంతా కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థానిది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి వేరుచేసిన ఆ ఏటీపీయే రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లో అడుగంటితే, కణపు పొర తన విద్యుత్ స్థితిని నిలుపుకోలేదు, నాడీకణాల మధ్య సంకేతాలు మోసే గ్లుటమేట్ బయటికి పొంగుతుంది, అది తగిలి కణపు పొరలోని తలుపుల్లాంటి ఎన్ఎమ్‌డీఏ గ్రాహకాలు తెరుచుకుంటాయి, కాల్షియం గట్టు తెగిన చెరువులా లోపలికి వస్తుంది. కాల్పెయిన్లనే ఎంజైములు ప్రోటీన్లను కోస్తాయి, ఫాస్ఫోలైపేజులనే ఎంజైములు పొరలను కొరుకుతాయి. ఇంతవరకు నీ వాక్యంతో నాకు పేచీ లేదు. అయితే రోగి ఆసుపత్రి చేరేసరికి పొలం చాలావరకు మునిగే ఉంటుంది, అప్పుడు ఒక తూము మూసి ఏం లాభం? రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతంలో, కాల్షియం దారిని అడ్డే మందైన నిమోడిపిన్‌ను నరం ద్వారా ఎక్కించిన ఐరోపా పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. మందు అందుకున్నవారిలో రక్తపోటు పడిపోయింది, అంతంతమాత్రం రక్తంతో కొట్టుకుంటున్న మెదడు భాగానికి ఆ కాస్త ఒత్తిడీ లేకుండా పోయింది, వారి పరిస్థితి మరింత దిగజారింది. నెదర్లాండ్స్‌లో అదే మందును మాత్రల రూపంలో వీలైనంత త్వరగా ఇచ్చి చూశారు, 2001లో వచ్చిన ఆ ఫలితంలోనూ మేలు కనబడలేదు. ఇదే నిమోడిపిన్ సబ్‌అరాక్నాయిడ్ రక్తస్రావంలో, అంటే మెదడును కప్పే పొరల మధ్య రక్తం చిమ్మే జబ్బులో మాత్రం నిలబడింది: 1989 నాటి బ్రిటిష్ పరీక్ష తరువాత, నాలుగు గంటలకొకసారి 60 మిల్లీగ్రాముల చొప్పున 21 రోజులు ఇవ్వడం వాడుకలోకి వచ్చింది. మీ నాన్న రోజూ మింగవలసిన, రోజూ మరచిపోయే ఆమ్లోడిపిన్ మాత్ర కూడా కాల్షియం దారిని అడ్డేదే. అది రక్తపోటును తగ్గించి పక్షవాతాన్ని ముందే దూరంగా ఉంచుతుంది. కాబట్టి ఎవరిలో, ఏ కణంలో, ఏ గంటలో అన్నవి లేకుండా ‘అడ్డుకుంటే’ అన్న మాట రాయకు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

అది 1988. హైదరాబాదులో నేను పనిచేసిన ప్రయోగశాలలో ఎలుక మధ్య మస్తిష్క ధమనిని సూదితో కాల్చి మూసి, ఒక గుంపుకు నిమోడిపిన్‌ను, మరొక గుంపుకు ఉత్త ద్రావణాన్ని రెండు గంటలపాటు ఎక్కించేదాన్ని. మరునాడు మెదడును రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి టీటీసీ ద్రావణంలో వేస్తే, బతికిన భాగం ఇటుక రంగుకు తిరిగేది, చచ్చిన భాగం సున్నంలా తెల్లగా మిగిలేది. మందు ఇచ్చిన ఎలుకల్లో ఆ తెలుపు కంటికి కనబడేటంతగా తగ్గింది. ఆ రాత్రి ముక్కలను గాజుపలకపై వరుసగా పేర్చుకుని ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో నాకే తెలియదు.

మత్తులో ఉన్న ఎలుక తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. మా దగ్గర హీటింగ్ ప్యాడ్ లేదు, బల్లపైన వేలాడే అరవై వాట్ల బల్బే దానికి కుంపటి. అయితే నిమోడిపిన్ వెలుతురు తగిలితే పాడయ్యే మందు. నేను జాగ్రత్తపరురాలిని కదా, మందు ఎక్కించే రెండు గంటలూ ఆ బల్బు ఆర్పి, మూలన ఒక చిన్న ఎర్రదీపం పెట్టుకునేదాన్ని. ఉత్త ద్రావణానికి ఆ భయం లేదు కనుక బల్బు వెలుగుతూనే ఉండేది. ఎలుకలను తిరిగి బోనుల్లోకి చేర్చే మా అటెండరు ఒక సాయంత్రం, “ఈ మందు ఎలుకలు చల్లగా ఉంటున్నాయమ్మా” అన్నాడు. మందు ప్రభావం అయి ఉంటుందిలే అని, తల ఎత్తకుండానే సమాధానం చెప్పాను.

ఇస్కీమియా, అంటే రక్తం అందని సమయంలో మెదడు ఉష్ణోగ్రత కొద్ది డిగ్రీలు తగ్గినా నాడీకణాలు బాగా తప్పించుకుంటాయని చూపిన 1987 నాటి పత్రం ఓడ తపాలాలో మా గ్రంథాలయానికి చేరేసరికి, నా వ్యాసం పత్రికకు వెళ్లిపోయింది. అది చదివి థర్మామీటరు తెప్పించి కొలిచాను. బల్బు కింద ఎలుక 37 డిగ్రీలు, ఎర్రదీపం కింద ఎలుక 33. సిరంజికీ గొట్టానికీ నల్లకాగితం చుట్టి, బల్బు ఆర్పకుండా మొత్తం ప్రయోగం మళ్లీ చేశాను. రెండు గుంపుల తెలుపూ దాదాపు ఒకటే అయింది. నా ఎలుకలను కాపాడింది నిమోడిపిన్ కాదు, చలి. నల్లకాగితం ఖరీదు ఆనాడు అర్ధరూపాయి ఉండేదేమో, దానికి బదులు నేను ఏడాదిన్నర చెల్లించాను. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాను, గురువుగారు రెండు నెలలు నాతో ముభావంగా ఉన్నారు. అటెండరుతో తప్పు ఒప్పుకున్నప్పుడు అతను వింతగా చూసి, “ముట్టుకుంటే తెలుస్తుంది కదమ్మా” అన్నాడు. నేను తొడుగులతో తప్ప ఎలుకను ముట్టుకునేదాన్ని కాదు.

1990లో, ఎన్ఎమ్‌డీఏ గ్రాహకాలను మూసే ఎంకే-801 అనే మందు విషయంలోనూ ఇలాంటిదే బయటపడింది. జెర్బిల్ ఎలుకల్లో అది చేసినట్టు కనబడిన మేలు ఒంటి వేడి తగ్గడం వల్లనేనని తేల్చారు. పెద్దవాళ్లూ జారారని తెలిసి కాస్త ఊరట కలిగిందంటే నన్ను తప్పుపట్టకు.

నీటి విషయంలోనూ ఏమరకు. సిడ్నీ రింగర్ లండన్‌లో కప్ప గుండెను ఉప్పునీటిలో కొట్టుకునేలా చేసి, 1882లో ప్రకటించి, ఆ ఉప్పునీరు స్వేదనజలంతో కాక కుళాయినీటితో కలిపిందని తరువాత గ్రహించి, 1883లో దిద్దుకున్నాడు. ఆ నీటిలోని కాల్షియమే గుండెను నడిపింది. ‘కాల్షియం లేని ద్రావణం’ అని సీసాపై చీటీ అంటించినంత మాత్రాన కాల్షియం పోదు. కాల్షియాన్ని పట్టి బంధించే ఈజీటీఏ కలపకపోతే గాజు నుంచీ ఇతర లవణాల నుంచీ వచ్చినది మైక్రోమోలార్ స్థాయిలో మిగిలే ఉంటుంది, విశ్రాంతిలో ఉన్న కణం లోపల ఉండేదానికన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ.

మీ అమ్మ నిన్న ఫోను చేసి, ‘మాధవి చదివేది కాల్షియం మనిషిని చంపుతుందనే కదా, నా కాల్షియం మాత్రలు మానేయనా?’ అని అడిగింది. కణంలో నానోమోలార్ లెక్కన కదిలే కాల్షియం వేరు, ఏళ్లతరబడి ధమని గోడలో గారలా పేరుకునేది వేరు, డాక్టరును అడగకుండా ఏదీ మానవద్దు అని చెప్పాను. ఇదే మాట నువ్వూ ఒకసారి చెప్పు, కూతురు చెబితే వింటుంది.

తాతయ్యకు కుడిచేయి పడిపోయిన తెల్లవారుజామున మీ నాన్నకు పదకొండేళ్లు. తాతయ్య నన్ను పిలవబోయి, నా పేరు దొరకక, ‘నీళ్లు, నీళ్లు’ అన్నారు. నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. గడ్డను కరిగించే మందు మూడు గంటల్లోపల ఇస్తే మేలని 1995లో తేలినప్పుడు, ఆ చెంబే నా కళ్లముందు మెదిలింది. నువ్వు ఈ విషయాన్నే ఎందుకు ఎంచుకున్నావో నన్ను అడిగి తెలుసుకోనక్కరలేదు. అందుకే భయం. తాతయ్య కోసం చేస్తున్నాననుకున్న ప్రయోగంలో నాకు కనబడినదల్లా నేను కోరుకున్నదే.

వెళ్లేముందు మీ నాన్న మాత్రల డబ్బా ఒకసారి లెక్కపెట్టు. అక్కడ చేరాక, మొదటి ఎలుక ఉష్ణోగ్రతల పట్టిక నిమిషాలతో సహా నాకు పంపు. ఫలితం ఆ తరువాత పంపినా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య