ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది, బాబుకు పదో తరగతి

ప్రశ్న: మావారు సైన్యంలో హవల్దారు. ప్రస్తుతం అంబాలాలో ఉంటున్నాం. ఏప్రిల్ నుంచి ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది, మేం వెంట వెళ్లే వీలు లేదు. బాబు కేంద్రీయ విద్యాలయంలో తొమ్మిదో తరగతి పూర్తి చేస్తున్నాడు. ఇది వాడికి అయిదో బడి. పాప నాలుగో తరగతి. పిల్లలను విజయనగరం జిల్లాలో తన తల్లి దగ్గర ఉంచుదామని, లేదంటే బాబును హాస్టల్లో వేద్దామని ఆయన అంటున్నారు. బాబు ఈ మధ్య ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. కొత్త నోటు పుస్తకాల లేబుల్ మీద పేరు, తరగతి రాసుకుని, బడి పేరు దగ్గర ఖాళీ వదిలేస్తున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ లేబుల్ గురించిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నాలుగు బళ్లు విడిచి వచ్చిన పిల్లవాడికి, ఆ గడిలో ఏం రాసినా కొన్నాళ్లకు కొట్టివేయవలసి వస్తుందని అనుభవం మీద తెలుసు. అందువల్ల పెద్దలు తేల్చుకున్నాక వాడికి కబురు చెప్పే పద్ధతి ఈసారి మానుకుని, మీ వారు బయలుదేరకముందే ముగ్గురూ కూర్చుని మాట్లాడండి. వాడికి ఏది కష్టంగా ఉందో వాడి నోటనే విన్నాక నిర్ణయించండి.

వాడు ఒప్పుకుంటే, వచ్చే ఒక్క సంవత్సరం మీరూ పిల్లలూ అంబాలాలోనే ఉండడం మేలని నా అభిప్రాయం. సీబీఎస్ఈ వారి రిజిస్ట్రేషన్ తొమ్మిదో తరగతిలోనే జరుగుతుంది. తొమ్మిదికీ పదికీ మధ్య బడి మారాలంటే తగిన కారణం, దానికి ఆధారాలు చూపించి బోర్డు అనుమతి తీసుకోవాలి. మీ వారి ఆలోచన నిబంధనలకు అడ్డమేమీ కాదు. తండ్రి బదిలీని బోర్డు సరైన కారణంగానే ఒప్పుకుంటుంది, ఫీల్డ్‌కు వెళ్లే సైనికుల పిల్లలను కుటుంబం ఉండే ఊరి కేంద్రీయ విద్యాలయంలోకి టీసీ మీద తీసుకునే వెసులుబాటు కూడా ఉంది. అయితే పదో తరగతిలో ప్రతి ప్రధాన సబ్జెక్టుకూ 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు బడిలోనే వేసే అంతర్గత మూల్యాంకనానికి ఉంటాయి. వాడిని ఎరిగిన ఉపాధ్యాయుల దగ్గర, కుదురుకున్న తరగతిలో ఆ సంవత్సరం గడవడం మంచిది. అత్తగారు ఎంత ప్రేమగా చూసుకున్నా, తండ్రి దూరమైన నెలలోనే తల్లి, స్నేహితులు, బడి కూడా దూరమైతే ఈ వయసు పిల్లవాడు తట్టుకోవడం కష్టం. ఇదే కారణంగా హాస్టల్ ఆలోచనను నేను అసలు ఒప్పుకోను.

ఉండడానికి ఇల్లు కావాలి కదా. భర్త ఫీల్డ్‌లో ఉన్న కుటుంబాల కోసం పీస్ స్టేషన్లలో, అంటే సైనికులు కుటుంబంతో ఉండగలిగే చోట్ల, సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లు ఉంటాయి. వాటికి వెయిటింగ్ లిస్టు తప్పదు కనుక, మీ వారు యూనిట్‌లో ఉండగానే స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు దరఖాస్తు పెట్టించి, బాబు పదో తరగతి విషయం అందులో రాయించండి. క్వార్టర్ దొరికేలోగా ఇప్పుడున్న ఇంట్లోనే కొనసాగే అవకాశం ఉందేమో అక్కడే అడగండి. ఆయన వెళ్లిపోయాక ఒక్కొక్క సంతకానికీ మీరు వారాల తరబడి ఎదురుచూడవలసి వస్తుంది.

ఖర్చు సంగతికొస్తే, 2024 జనవరి నుంచి పిల్లల విద్యా భత్యం ఒక్కొక్కరికి నెలకు రూ.2,812.50. మొదటి ఇద్దరు పిల్లలకు ఇస్తారు, విద్యా సంవత్సరం ముగిశాక క్లెయిమ్ చేసుకోవాలి. అందుకు ప్రిన్సిపాల్ ఇచ్చే ధ్రువపత్రం మార్చి ముగియగానే తీసుకుని మీ వారి చేతికివ్వండి. ఇంటికి 50 కిలోమీటర్లకు తక్కువ కాని దూరంలో ఉన్న హాస్టల్‌కు నెలకు రూ.8,437.50 వరకు రాయితీ ఉన్న మాట నిజమే గానీ, అది చూసి బాబును పంపకండి.

పదకొండో తరగతికి ఎలాగూ గ్రూపు ఎంచుకోవాలి కాబట్టి, ఊరు మారాలంటే అప్పుడు మారవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ చదివించే ఉద్దేశం ఉంటే, ఏ ఏడాది ఎక్కడ చదివాడో చూసి స్థానికత నిర్ణయిస్తారనీ, సైనికుల పిల్లలకు క్యాప్ కోటా ఉందనీ గుర్తుంచుకుని, అయిదు బళ్ల స్టడీ సర్టిఫికెట్లూ ఒకే ఫైలులో పెట్టుకోండి. ట్రంకు పెట్టెల అడుగున చేరిన కాగితాలు అవసరానికి దొరకవని మీకు నేను చెప్పాలా!

పాప విషయంలో నాకు పెద్ద ఆందోళన లేదు. తెలుగు చదవడం రాకపోతే రోజుకు పావుగంట మీరే నేర్పించండి.

బాబు మౌనాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. నిద్ర, తిండి తగ్గడం, బడికి వెళ్లనని మొరాయించడం రెండు వారాలు దాటినా కొనసాగితే బడిలోని కౌన్సెలర్‌ను గానీ, మిలిటరీ ఆసుపత్రి వైద్యులను గానీ కలవండి. చచ్చిపోవాలనే మాట ఒక్కసారి వాడి నోట వచ్చినా రెండు వారాలు ఆగకుండా ఆ రోజే తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అంబాలాలోనే ఉండడం ఖాయమైనప్పుడు ఆ కబురు వాడికి మీ వారితోనే చెప్పించండి. లేబుల్ మీది ఖాళీని మాత్రం మీరు పూరించకండి, వాడినే రాసుకోనివ్వండి.