సైన్యం నుంచి ఎంబీఏకి: క్లాసులో నోరు పెగలడం లేదా?

ప్రశ్న: పదకొండేళ్లు సైన్యంలో చేసి మేజర్‌గా బయటికొచ్చాను. ఎంబీఏలో చేరి రెండు నెలలైంది. నాకు 34 ఏళ్లు, క్లాసులో చాలామందికి పాతికే. ఏదో ఒక కంపెనీకి ఎదురైన సమస్యను తీసుకుని క్లాసంతా మాట్లాడుకునే కేస్ చర్చల్లో వాళ్లు గలగలా మాట్లాడుతుంటే నాకు నోరు పెగలడం లేదు. ఫైనాన్స్ అంటే టెన్షన్. పొరపాటు చేశానా?

జవాబు: పొరపాటేమీ లేదు, మేజర్ గారూ. ఇన్నేళ్లూ మీ మాట మీద మనుషుల ప్రాణాలు ఆధారపడ్డాయి. అందుకే అన్నీ తేల్చుకున్నాకే మాట్లాడటం మీకు అలవాటైంది. కేస్ క్లాసు అలా నడవదు. సగం ఆలోచనైనా బయటపెట్టాలి, ఇంకొకరు దాన్ని కాదనాలి, అలాగే పాఠం ముందుకెళ్తుంది. హార్వర్డ్‌లో చాలా కోర్సుల్లో సగం దాకా మార్కులు ఈ చర్చకే.

ఇది మీకు బొత్తిగా తెలియనిదీ కాదు. ఆపరేషన్ అయ్యాక ర్యాంకులు పక్కనపెట్టి, ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది అని మాట్లాడుకునే డీబ్రీఫ్‌లలో కూర్చునే ఉంటారు. అమెరికా సైన్యం 1970లలో రూపొందించుకున్న ఇలాంటి పద్ధతినే తర్వాత కంపెనీలూ తీసుకున్నాయి. వచ్చే వారం ప్రతి కేసులో మొదటి పది నిమిషాల్లోపే ఒకసారి చెయ్యెత్తండి. ఆలస్యమైతే మీ మాట ఇంకెవరో చెప్పేస్తారు.

ఫైనాన్స్‌కి రోజూ ఒక గంట, స్టడీ గ్రూపులో కామర్స్ చదివినవాళ్ల పక్కన కూర్చోండి. చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి మొహమాటం వద్దు. కొత్త లెఫ్టినెంట్‌గా చేరినప్పుడు మీకు పని నేర్పినవాళ్లలో ర్యాంకులో మీకంటే కిందివాళ్లు ఎంతమంది లేరు! ఇక ఆపరేషన్స్ (పనుల నిర్వహణ) సబ్జెక్టులో కొంత మీ వైపు నుంచి వచ్చిందే. ఉన్న వనరులను ఎలా పంచితే ఎక్కువ ఫలితం వస్తుందో లెక్కగట్టే సింప్లెక్స్ పద్ధతి అందులో చెప్తారు. దాన్ని 1947లో గణితవేత్త జార్జ్ డాంట్‌జిగ్ కనిపెట్టింది అమెరికా వైమానిక దళం ప్లానింగ్ పని చేస్తూనే.

రెజ్యూమె విషయంలో మాత్రం జాగ్రత్త. ‘కంపెనీ కమాండర్’ అని రాస్తే చదివేవాళ్లకు అర్థం కాదు. మీకు కంపెనీ అంటే సైనికుల దళం, వాళ్లకు వ్యాపార సంస్థ. ఎంతమందిని నడిపారు, ఎన్ని వాహనాలు, ఎంత సామగ్రి మీ చేతిలో ఉండేది, మీరొచ్చాక ఏం మెరుగుపడింది, అవి రాయండి. రహస్యమైనవి వదిలేయండి.

యూనిట్‌లో ఉన్న తోడు ఇక్కడ ఒక్కసారిగా లేకుండా పోతుంది. మీ దిగులులో సగం అదేనని నాకనిపిస్తోంది. సీనియర్ బ్యాచ్‌లో సైన్యం నుంచి వచ్చినవాళ్లుంటే ఈ వారమే కలవండి. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలకు ముందు ఆ రెజ్యూమె వాళ్లకే చూపించండి.