కెమెరా కూడా కీబోర్డులా అటకెక్కుతుందా?

ప్రశ్న: మావాడికి 11 ఏళ్లు. నా ఫోన్ తీసుకుని చీమల్ని, తులసికోటని, వాళ్ల నానమ్మ చేతుల్ని ఫోటోలు తీస్తుంటాడు. ఇప్పుడు 'అసలు కెమెరా' కావాలంటున్నాడు. ఫోన్ ఉండగా అదెందుకు, కీబోర్డు కొంటే ఏమైంది, నెల తిరక్కుండా అటకెక్కింది కదా అంటారు మావారు. కొనమంటారా?
- ఒక తల్లి, భీమవరం

జవాబు: కొనండి, కాకపోతే కొత్తది వద్దు. కీబోర్డు ఎందుకు అటకెక్కిందో మీవాణ్ణే ఓసారి అడిగి చూడండి. క్లాసులు, ప్రాక్టీసు చేశావా అని రోజూ ఆరాలు, చుట్టాలొస్తే వాయించి చూపించమనడం... ఇవే కారణమైతే కెమెరాకీ అదే గతి పడుతుంది, అందుకే అప్పుడే ఏ కోర్సులోనూ చేర్చకండి.

ఫోన్ ఫోటోలు బాగానే వస్తాయి, కానీ వెలుగు ఎంత కావాలో, దేన్ని స్పష్టంగా చూపాలో చాలావరకు అదే తేల్చేస్తుంది. పైగా చీమని తీస్తుండగానే ఏదో మెసేజ్ వస్తుంది, ఇక చీమ సంగతి అంతే.

సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ డీ3500, కెనాన్ 1500డీ లాంటి చిన్న డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకోగలిగే కెమెరా), దాంతో వచ్చే 18-55 ఎంఎం లెన్స్ చాలు. రెండూ కలిపినా ముప్పావు కిలో ఉండవు, పిల్లాడి మెడకి బరువనిపించదు. పెళ్లిళ్లలో వాడినదైతే మాత్రం ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు తిరిగిందో అడగండి, లక్ష దాటి ఉంటే వదిలేయండి. లెన్స్‌లోకి టార్చి వేసి చూడటం మర్చిపోవద్దు. మీ వైపు గాలిలో తేమ ఎక్కువ. నేనూ ఓ వానాకాలమంతా లెన్స్‌ని తోలు బ్యాగులో పెట్టి బీరువాలో దాచుకున్నాను, తీసేసరికి లోపల సాలెగూడులా బూజు! గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమని పీల్చేసే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

మొదటిరోజు పాఠాలేం చెప్పకుండా సీలింగ్ ఫ్యాన్ తీయమనండి. షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో మనమే చెప్పేలా, పైనున్న డయల్‌ని నికాన్‌లో S అక్షరం మీద, కెనాన్‌లో Tv అక్షరాల మీద పెట్టి, ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటో తీసేసి 400 దగ్గర ఆపి, షట్టర్ 1/1000 సెకనులో ఒకటి, కెమెరాని బల్లమీద వెల్లకిలా పెట్టి 1/15 సెకనులో ఇంకొకటి. మొదటిదాంట్లో రెక్కలు దాదాపు ఆగినట్టుంటాయి కానీ గదంతా చీకటిగా వస్తుంది, రెండోదాంట్లో వెలుగుంటుంది కానీ రెక్కలు చెరిగిపోతాయి. ఎందుకలా అని వాడే అడుగుతాడు. మీకు తెలియకపోతే మరీ మంచిది, ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.

పాడు చేస్తాడన్న టెన్షన్ ఉంటే పట్టీ మెడలో వేసుకున్నాకే కెమెరా ఆన్ చేయాలని ఒక్క రూలు పెట్టండి, అంతకుమించి వద్దు. ఆదివారం ఆ వారం ఫోటోల్లోంచి మూడు వాణ్ణే ఎంచుకోమని, స్టూడియోలో ప్రింట్ వేయించండి. చూసి 'బాగున్నాయిరా' అని ఊరుకోకుండా, మిగతావి ఎందుకు పక్కన పెట్టావని అడగండి.

సెలవుల్లో కొల్లేరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్తే మాత్రం ఆ లెన్స్‌తో గూడబాతులు చుక్కల్లా వస్తాయి, ఇంటికి రాగానే పెద్ద లెన్స్ కొనమంటాడు. ఒక ఏడాది ఆగమనండి. ఈలోగా తీయడానికి నానమ్మ చేతులు ఇంట్లోనే ఉన్నాయిగా.