పాప కాలు మళ్లీ బెణుకుతుందో లేదో టెస్టు చేస్తే తెలుస్తుందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది కావలి. మా పాపకి 14 ఏళ్లు, తొమ్మిదో క్లాసు, స్కూల్ టీమ్‌లో వాలీబాల్ ఆడుతుంది. పోయినేడు కుడికాలు బెణికితే కట్టు కట్టించాం, తగ్గిపోయింది. మళ్లీ సంక్రాంతి సెలవులయ్యాక అదే కాలు మడత పడింది. ఇప్పుడు జిల్లా సెలక్షన్స్ ఉన్నాయి. మా బంధువులబ్బాయి ఒకతను, ఏదో బ్యాలెన్స్ టెస్టు చేస్తే దెబ్బ తగిలేదీ లేనిదీ ముందే చెప్పేస్తారంటున్నాడు. రిపోర్టు బాలేకపోతే ఆట మాన్పించేద్దాం అంటారు వాళ్ల నాన్న. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ముందు ఒక మాట, రిపోర్టు చూసి ఆట మాత్రం మాన్పించొద్దు. టెస్టులున్న మాట నిజమే, పనికొస్తాయి కూడా, కానీ ఫలానా పిల్లకి దెబ్బ తగులుద్దని తేల్చి చెప్పే టెస్టు ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు.

ఆ అబ్బాయి చెప్పింది బహుశా వై బ్యాలెన్స్ టెస్టు అయ్యుంటుంది. దాన్ని మీ వసారాలోనే చేసి చూడొచ్చు. నేల మీద టేపుతో మూడు గీతలు వేయండి, ఒకటి ముందుకి, రెండు వెనక పక్కలకి ఏటవాలుగా, ఇంగ్లీషు వై తలకిందులుగా పెట్టినట్టు ఉండాలి. మధ్యలో పాప ఒంటికాలి మీద నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని, రెండో కాలి వేలు గీత మీద ఎంత దూరం వీలైతే అంత దూరం చాపి, అట్టా తాకీ తాకనట్టు తాకి వెనక్కి రావాలి, నిలబడ్డ కాలి మడమ లేవకూడదు, తూలకూడదు. దర్జీ టేపుతో కొలిచి రాసుకోండి, తర్వాత కాలు మార్చి చేయించండి. 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ ఆడే 235 మంది హైస్కూల్ పిల్లల్ని దాదాపు ఇట్టాగే కొలిచి, ఆ సీజనంతా గమనించారు. ముందుకి చాపినప్పుడు రెండు కాళ్లకీ 4 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా వచ్చిన పిల్లలకి కాళ్ల దెబ్బలు తగిలే అవకాశం మిగతావాళ్లకంటే రెండున్నర రెట్లు కనిపించింది. చీలమండ ఒక్కటే కాదు, మోకాలు, తొడ అన్నీ కలిపిన లెక్క అది.

ఇది వినగానే భయమేస్తుంది, అర్థం చేసుకోగలను. కానీ అది గుంపు లెక్క. తేడా ఎక్కువొచ్చిన పిల్లల్లోనూ సీజనంతా హాయిగా ఆడేసినవాళ్లు ఉంటారు, తేడా అస్సలు లేనివాళ్లకీ కాలు మడత పడుద్ది. దెబ్బ తగిలినవాళ్ల కొలతలూ తగలనివాళ్ల కొలతలూ చాలావరకు కలిసిపోయి ఉంటాయి, మధ్యలో గీత గీసి వీళ్లు అటు వాళ్లు ఇటు అనలేం. నార్వేలో ఆటల వైద్యం ప్రొఫెసర్ రోల్డ్ బార్ 2016లో ఈ విషయం మీదే వ్యాసం రాసి, స్క్రీనింగ్ టెస్టులతో, అంటే దెబ్బ తగలకముందే అందరికీ చేసే టెస్టులతో, దెబ్బల్ని ముందే చెప్పలేమని గట్టిగా వాదించారు. అదే బార్ తన తోటివాళ్లతో కలిసి, 1997లో అచ్చయిన పరిశోధనలో, నార్వే వాలీబాల్ ఆటగాళ్లకి నెట్ దగ్గర ఎట్టా ఎగరాలి ఎట్టా దిగాలి అని నేర్పించి, బ్యాలెన్స్ బోర్డు (అటూఇటూ ఊగే పలక) మీద ప్రాక్టీస్ చేయిస్తే చీలమండ బెణుకులు సగానికి తగ్గాయి. నాకు ఈ రెండోది చాలా ముఖ్యం అనిపిస్తుంది.

అన్నిటికంటే గట్టి సూచన మీ ఉత్తరంలోనే ఉంది, అదే కాలు రెండుసార్లు బెణికింది. చీలమండకి పాత బెణుకును మించిన హెచ్చరిక లేదు. ఏందంటే, పాదం లోపలికి తిరిగినప్పుడు బయటి వైపు లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) సాగడమో చిరగడమో జరుగుద్ది, దాంతోపాటు కాలు ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే నరాల పనితనం కూడా దెబ్బతింటుంది. వాపు పోద్ది, నొప్పి పోద్ది, ఆ పనితనం మాత్రం చాలామందికి దానంతట అది పూర్తిగా రాదు. నెట్ దగ్గర బంతిని ఆపడానికి బ్లాక్‌కి ఎగిరి అవతలివాళ్ల పాదం మీద దిగినప్పుడు, పిక్క బయటి వైపు కండరాలు వెంటనే బిగుసుకోవాల్సింది కాస్త ఆలస్యంగా బిగుసుకుంటాయి, ఈలోపే కాలు మడత పడిపోద్ది.

"కట్టు కట్టించాం, తగ్గిపోయింది" అన్నారు చూడండి, నాకు బాధ కలిగేది అక్కడే. మన వైపు బెణికితే పుత్తూరు కట్టో, క్రేప్ బ్యాండేజో, నొప్పి తగ్గగానే నేరుగా గ్రౌండుకి. మధ్యలో ఆ కాలికి మళ్లీ నేర్పించే పని ఎవరూ చేయించరు, పిల్లని మాత్రం వీక్ అంటారు.

ఇప్పుడు నొప్పి, వాపు లేకపోతే రోజుకి 10 నిమిషాలు ఈ పని పెట్టండి. కుడికాలి మీద నిలబడి గోడకి బంతి వేసి పట్టుకోవాలి, అది తేలికైతే మడతపెట్టిన బొంత మీద నిలబడి, ఆ తర్వాత మీరు పక్కన ఉండి కళ్లు మూయించి. మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగాలి. 2006లోనే అచ్చయిన మరో పరిశోధనలో, అమెరికాలో 765 మంది హైస్కూల్ ఆటగాళ్ల మీద ఇట్టాంటి బ్యాలెన్స్ ప్రాక్టీసే పరీక్షించారు, సీజన్‌కి ముందు 4 వారాలు వారానికి 5 రోజులు, ఆట మొదలయ్యాక వారానికి 3 రోజులు. చేయనివాళ్లలో 9.9 శాతం మందికి బెణికితే, చేసినవాళ్లలో 6.1 శాతం మందికే బెణికింది. సెలక్షన్స్‌కి లేసులుండే యాంకిల్ బ్రేస్ (చీలమండకి వేసే పట్టీ) కూడా వేయించండి, అది వేసుకుంటే కాలు బలహీనమైపోద్ది అనే మాట పట్టించుకోవద్దు. కుడికాలి ఒక్కదాని మీదే ఎగిరి, పక్కకి గెంతి, ఎడమకాలంత ధైర్యంగా దిగగలిగితే పంపించండి. లేదంటే ఈ ఒక్క సెలక్షన్ వదిలేసినా పర్లేదు, తనకింకా 14 ఏళ్లే.

ప్రశ్న: నేను ఒంగోలు దగ్గర హైస్కూల్లో పీఈటీని. కబడ్డీ, ఖోఖో పిల్లలకి బ్యాలెన్స్ టెస్ట్ కిట్ కొనిపిద్దామా?

జవాబు: వద్దు మాస్టారూ, ఆ డబ్బు గ్రౌండులో గుంతలు పూడ్పించడానికి వాడండి. "ఈ ఏడాదిలో కాలు బెణికిందా?" అని ఒక్కొక్కరినీ అడిగి రిజిస్టర్లో రాసుకోండి, కిట్ కంటే ఎక్కువ తెలుస్తుంది. బెణికినవాళ్లకి కాస్త ఎక్కువ, మిగతా అందరికీ కూడా బ్యాలెన్స్ ప్రాక్టీస్ వామప్‌లో కలిపేయండి. ఎవరికైనా కాలు మడత పడినప్పుడు నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక గుబ్బ మీద నొక్కితే నొప్పన్నా, ముందు ఎక్స్‌రే, తర్వాతే ఏ కట్టైనా. పెరిగే పిల్లల్లో ఎముక చివర ఇంకా మెత్తగా ఉంటుంది, బెణుకు అనుకున్నది అక్కడి దెబ్బ అయ్యే అవకాశం ఉంది, దాన్ని మాత్రం చేత్తో చూసి తేల్చకండి.