రాజాంలో 16 జీబీ ల్యాప్‌టాప్ మీద స్టార్ సిటిజన్‌ ఆడొచ్చా? డబ్బు పెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: రాజాంలో ఉంటున్నారు. ఐ5 ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ ఆర్‌టీఎక్స్ 3050, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నాయి. అంతరిక్ష ఓడలు నడిపే ఆన్‌లైన్ ఆట స్టార్ సిటిజన్‌లో సరుకు తోలుకుంటూ, అప్పుడప్పుడు పోరాడుతూ ఆడాలని ఉంది. "అన్నీ బగ్గులే, డబ్బు దండగ" అంటున్నారు స్నేహితులు. కొనాలా, కొంటే ఏటి చెయ్యాలి?

ఇప్పుడే కొనకండి. ఏడాదిలో కొన్నిసార్లు ఫ్రీ ఫ్లై పెడతారు. మామూలుగా మే నెలలో ఆటలోనే జరిగే ఇన్విక్టస్ వేడుకల వారం అప్పుడు, నవంబరులో ఐఏఈ ఓడల ప్రదర్శన అప్పుడు ఇది ఉంటుంది. ఖాతా ఒకటి తెరిస్తే చాలు, పైసా కట్టకుండా అరువు ఓడలతో ఆడొచ్చు. జనం ఎగబడే రోజులు కాబట్టి సర్వర్లు మామూలు కంటే అధ్వానంగా ఉంటాయి. అందుకే అది మంచి పరీక్ష. ఆ రద్దీలో కూడా మీకు సరదా అనిపిస్తే మిగతా రోజుల్లో ఇబ్బంది ఉండదు. అప్పుడు కూడా 45 డాలర్ల చుట్టుపక్కల ఉండే అరోరా ఎంఆర్ గాని, మస్టాంగ్ ఆల్ఫా గాని ఉన్న ప్యాకేజీ తీసుకుని అక్కడితో ఆగండి. పన్ను దాని మీద అదనం. దుకాణంలో వందల డాలర్ల ఓడలు మెరుస్తుంటాయి, వాటి జోలికి వెళ్లకండి. అందులో చాలావాటిని ఆటలో సంపాదించిన డబ్బుతోనే కొనుక్కోవచ్చు.

బగ్గుల మాట అబద్ధం కాదు. 2012లో క్రౌడ్‌ఫండింగ్ మొదలైనప్పుడు 2014లో విడుదల అన్నారు. 2022లో జనం ఇచ్చిన సొమ్ము 50 కోట్ల డాలర్లు దాటింది. ఆట ఇంకా ఆల్ఫాలోనే, అంటే పూర్తికాని పరీక్ష దశలోనే ఉంది. కారణం ఊరికే బద్ధకం అనుకుంటే పొరపాటు. 2023 మార్చిలో వచ్చిన 3.18 ప్యాచ్ (ఆటకి వచ్చే కొత్త మార్పుల కట్ట) నుంచి మీరు నేల మీద వదిలేసిన నీళ్ల సీసా కూడా అక్కడే ఉండిపోతుంది, సర్వర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ ప్యాచ్ వచ్చిన మొదటి రోజుల్లో చాలామంది లోపలికి అడుగు పెట్టడమే గగనమైంది. వేలాది వస్తువుల లెక్క మోస్తూ సర్వర్ నెమ్మదిస్తే ముందు దెబ్బతినేవి లిఫ్టులు, సరుకు లావాదేవీలు, శత్రువుల కదలికలు. మీ దగ్గర ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెరమీద మారే బొమ్మల లెక్క) 60 ఉన్నా లిఫ్టు రాదు. ఆటలోని నగరంలో కంప్యూటర్ నడిపే మనుషులు కుర్చీల మీద కూర్చోకుండా నిలబడి ఉంటే ఆ సర్వర్ ఆయాసపడుతోందని గుర్తు. ఆ రోజు విలువైన సరుకు ఎత్తకండి. 2024 డిసెంబరులో 4.0తో సర్వర్ మెషింగ్ వచ్చింది, అంటే ఒకే లోకాన్ని పలు సర్వర్లు పంచుకుని నడుపుతాయి. భారం కొంత తగ్గింది, జబ్బు పూర్తిగా తగ్గలేదు.

ఇక మీ ల్యాప్‌టాప్. నడుస్తుంది, కానీ ఇబ్బంది పెట్టేది గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు ర్యామ్. 16 జీబీ కనీసం మాత్రమే, 32 ఉంటేనే హాయి. ఖాళీ స్లాట్ ఉంటే ఆట కొనే ముందు ఇంకో 16 జీబీ వేయించండి. ఓడ మీద పెట్టే డబ్బు కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం. వేయించలేకపోతే విండోస్ పేజ్‌ఫైల్‌ని (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచి, సిస్టమ్‌కే వదిలేయండి లేదా 24 నుంచి 32 జీబీ కేటాయించండి. ఎవరో చెప్పారని పేజ్‌ఫైల్ తీసేసినవాళ్లకి నగరంలో దిగుతుండగా ఆట ఠక్కున మూసుకుపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. క్రోమ్ కూడా మూసేయండి. ఆట 100 జీబీ పైనే ఉంటుంది, ప్యాచ్‌లప్పుడు అదనపు చోటు కావాలి. కాబట్టి 150 జీబీ ఖాళీ చూసుకోండి. హార్డ్‌డిస్క్ మీద పెట్టే ఆలోచన ఉంటే ఒగ్గేయండి.

సెట్టింగుల్లో 1080పీ, లో లేదా మీడియం, మేఘాల నాణ్యత తక్కువ, అప్‌స్కేలింగ్‌లో (బొమ్మని చిన్నగా గీసి పెద్దది చేసే పద్ధతి) డీఎల్‌ఎస్‌ఎస్ పెట్టుకోండి. అంతరిక్షంలో దీనివల్ల తేడా తెలుస్తుంది. నగరంలో మాత్రం భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, అక్కడ అప్‌స్కేలింగ్ ఎంత పెంచినా ఎఫ్‌పీఎస్ పెద్దగా లేవదు. 30 కింద పడితే కంగారు పడకండి. కొత్త ప్యాచ్ వేశాక మొదటి పావుగంట కుదుపులు ఉంటాయి, షేడర్లు (తెరమీద వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుంటాయి. అవి తగ్గకపోతే లోకల్ యాప్‌డేటాలో స్టార్ సిటిజన్ పేరుతో ఉన్న షేడర్ ఫోల్డర్‌ని తుడిచేయండి, ఆట మళ్లీ తయారుచేసుకుంటుంది. దానికీ లొంగకపోతే లాంచర్‌లో వెరిఫై నొక్కండి, ఆ తర్వాతే ఆట ఉన్న లైవ్ ఫోల్డర్ లోపలి యూజర్ ఫోల్డర్ తీసేయండి. అందులో మీ కీల అమరిక ఉంటుంది, ముందు కంట్రోల్స్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైల్‌ని బయట దాచుకోండి. ఈ వరుస తప్పిస్తే జాయ్‌స్టిక్ బటన్లన్నీ మొదటినుంచి పెట్టుకోవాలి.

డౌన్‌లోడ్‌కి 100 ఎంబీపీఎస్ నిండుగా వస్తే 100 జీబీకి రెండుంబావు గంటలు. సాయంత్రం 40కి పడిపోతే అయిదున్నర గంటలు. రాత్రి పెట్టుకోండి, మీ ప్లాన్‌లో నెలవారీ డేటా పరిమితి ఎంతో ముందు చూసుకోండి. ఆడేటప్పుడు వేగం కన్నా లైను తెగకపోవడమే ముఖ్యం. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది సరే, కరెంటు పోతే ఆగిపోయేది రౌటర్. దానికీ, ఫైబర్ పెట్టెకీ కలిపి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరు మన వైపు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక ఉన్న సాయంత్రం సరుకు నింపిన ఓడతో బయల్దేరకండి.

మొదటిసారి లోపలికి వెళ్లగానే సొంత ఊరు ఎంచుకోమంటుంది. లోర్‌విల్‌లో రైలెక్కాలి, ఓరిసన్‌లో షటిల్ కోసం కాచుకోవాలి. న్యూ బాబేజ్ లేదా ఏరియా18 కొంత నయం. ఏది ఎంచుకున్నా మొదటి పని ఒకటే: ఓడ తీసుకుని ఆ గ్రహం చుట్టూ తిరిగే స్టేషన్‌కి వెళ్లి, అక్కడి క్లినిక్‌లో పునర్జన్మ స్థానం మార్చుకోండి. న్యూ బాబేజ్‌కి పోర్ట్ ట్రెస్లర్, లోర్‌విల్‌కి ఎవరస్ హార్బర్, ఏరియా18కి బైజీనీ పాయింట్. ఇకపై చచ్చిన ప్రతిసారీ రైలు ప్రయాణం తప్పుతుంది, హ్యాంగర్ నాలుగడుగుల్లో ఉంటుంది, ఎఫ్‌పీఎస్ కూడా మెరుగు. కొత్తవాళ్లు విసిగి మానేసేది పోరాటంలో ఓడి కాదు, లిఫ్టు నుంచి రైలుకి, రైలు నుంచి లిఫ్టుకి తిరిగి.

సరుకు విషయానికి వస్తే, మొదట్లో సొంత డబ్బుతో కొని అమ్మే వ్యాపారం వద్దు. మోబీగ్లాస్‌ (ఆటలో మీ మణికట్టుకి ఉండే పరికరం) లోని కాంట్రాక్టుల్లో రవాణా పనులు ఉంటాయి. సరుకు వాళ్లది, మీకు కూలి. ఓడ పేలినా, సర్వర్ కూలినా మీ పెట్టుబడి పోదు, పని మాత్రమే పోతుంది. అరోరా ఎంఆర్‌లో 3 ఎస్‌సీయూ (ఆటలో సరుకు కొలత) పడుతుంది, చిన్న పెట్టెల పనులకి చాలు. అవెంజర్ టైటన్ అయితే 8, కట్లాస్ బ్లాక్ 46, ఫ్రీలాన్సర్ మ్యాక్స్ 120. నా ఓటు కట్లాస్‌కి, సరుకూ పడుతుంది, తిరగబడి కొట్టనూ కొడుతుంది.

సరుకు లిఫ్టు దగ్గరే సగం నష్టాలు జరుగుతాయి. పెట్టెలు పైకి వచ్చాక ట్రాక్టర్ బీమ్ (వస్తువుల్ని లాగి ఎత్తే కిరణం) ఉన్న మల్టీ-టూల్‌తో ఒక్కొక్కటే ఎత్తి, ఓడలో సరుకు పెట్టే గళ్ల చోటు, అంటే గ్రిడ్ మీద ఆకుపచ్చగా కనిపించాకే వదలండి. గ్రిడ్‌కి అతుక్కోని పెట్టె ఎగిరేటప్పుడు దొర్లుతుంది, లేదా నేలలోంచి జారిపోతుంది. దించేటప్పుడు లిఫ్టు నిండా పేర్చి ఒకేసారి పంపకండి. రెండు మూడు విడతలు చేయండి, ఒక విడత జమ అయిందని తెరమీద చూశాకే రెండోది. లిఫ్టు కదులుతుండగా దాని మీద నిలబడితే పెట్టెలతో పాటు మీరూ పోతారు. డబ్బులిచ్చి ఆటోలోడ్ చేయించుకోవడానికి వీలున్న చోట వేచి ఉండాలి గాని, ఈ తలనొప్పి ఉండదు.

సొంత వ్యాపారానికి దిగినప్పుడు చేతిలో ఉన్నదాంట్లో మూడో వంతు మించి ఒక్క ట్రిప్పులో పెట్టకండి. పలాస జీడిపప్పు వ్యాపారి ఏడాది సరుకంతా ఒక్క లారీకి ఎక్కించడు కదా. ఇన్సూరెన్స్ ఓడని తిరిగి ఇస్తుంది, సరుకుని ఇవ్వదు. ఇంకో తిరకాసు: కొనే చోట నిల్వ, అమ్మే చోట గిరాకీ రెండూ పరిమితం. కాబట్టి ఓడ నింపే ముందు రెండు అమ్మకం చోట్లు మనసులో పెట్టుకోండి. చట్టం లేని పైరో నక్షత్ర మండలం వైపు వెళ్లకుండా, మొదట్లో పై ఊళ్లున్న స్టాంటన్ మండలంలోనే తిరగండి. క్వాంటేనియం అనే ఖనిజం తవ్వకం లాభమే గాని, తవ్విన క్షణం నుంచి దానికి గడువు మొదలవుతుంది. అది దాటితే ఓడతో సహా పేలుతుంది. నెమ్మదించిన సర్వర్‌లో దాన్ని ముట్టుకోకండి.

ఇక దారిలో ఏం తప్పుతుందో చూడండి. క్వాంటమ్ ప్రయాణంలో (గ్రహాల మధ్య మహా వేగంగా దూసుకెళ్లేటప్పుడు) సీట్లోంచి లేవకండి, ఓడ ముందుకెళ్లి మీరు శూన్యంలో మిగలొచ్చు. లిఫ్టు తలుపు తెరుచుకున్నా నేల ఉందో లేదో చూసి అడుగెయ్యండి, హాస్యానికి అనట్లేదు. హ్యాంగర్ తలుపులు తెరుచుకోకపోతే అక్కడే తిరక్కుండా పది కిలోమీటర్లు వెనక్కి వెళ్లి మళ్లీ అనుమతి అడగండి. గోడలో ఇరుక్కుంటే బ్యాక్‌స్పేస్ నొక్కి పట్టుకోవడమే, చచ్చి మంచం మీద లేస్తారు. ఒంటి మీద ఖరీదైన కవచం ఉంటే మాత్రం ముందు తోటివాళ్ల సాయం అడగండి. సర్వర్ లోపం అని తెరమీద వచ్చినప్పుడు బేగి బయటికి వచ్చేయకండి. కొత్త ప్యాచ్‌లలో సర్వర్ తనంతట తాను కోలుకుంటుంది, పావుగంట వరకు ఓపిక పట్టండి. 30000 అనే ఎర్రర్ వచ్చి మెనూలోకి గెంటేస్తే అది మీ ఇంటి నెట్ తప్పు కాదు, రౌటర్ సెట్టింగులు కెలకొద్దు. అసలు లోపలికే వెళ్లలేకపోతే, వెబ్‌సైట్‌లో మీ ఖాతా సెట్టింగుల్లో క్యారెక్టర్ రిపేర్ ఉంది. చివరి మందుగా మాత్రమే వాడండి.

పోరాటం నేర్చుకోవడానికి ఆటలోనే ఉన్న సాధన విభాగం అరీనా కమాండర్ చాలు. అక్కడ ఓడ పోయినా నష్టం లేదు. మొదటి ఓడకి లేజర్ రిపీటర్లు బిగించండి, తూటాలు కొనే పని ఉండదు.

ర్యామ్ పెంచే వీలు లేదు, కరెంటు నమ్మకం లేదు అంటే ఎక్స్4 ఫౌండేషన్స్ అనే ఇంకో అంతరిక్ష ఆట చూడండి. 2018లో అదీ బగ్గులతోనే వచ్చింది, తర్వాత ప్యాచ్‌లతో కుదురుకుంది. వ్యాపారం, పోరాటం, సొంత కర్మాగారాలు అన్నీ ఉంటాయి. ఒక్కరే ఆడేది కాబట్టి ఎక్కడైనా పాజ్ పెట్టి సేవ్ చేసుకోవచ్చు. కరెంటు పోతే చివరి సేవ్ తర్వాత ఆడినదే పోతుంది.