దూరపు గురికి మజిల్‌లోడర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో జింకల వేటకు మజిల్‌లోడర్, అంటే మూతి వైపు నుంచి తుపాకిమందూ తూటా నింపే తుపాకీ, కొనాలనుకుంటున్న పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటాం. సోయా చేను అంచున కూర్చుంటే జింకలు 200, 250 గజాల దూరంలో తిరుగుతుంటాయి. అంత దూరానికి ఏ మజిల్‌లోడర్ కొనమంటారు? 45 క్యాలిబరా, 50 క్యాలిబరా? (క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళంలో నూరో వంతుల్లో.)

జవాబు: తుపాకీ పేరు చెప్పేముందు దూరం లెక్క తేల్చుకుందాం. 250 గ్రెయిన్ల (తూటా, మందు తూచే చిన్న తూకం) తూటా సెకనుకు 1950 అడుగుల వేగంతో బయల్దేరిందనుకోండి. మంచి మందు, 28 అంగుళాల గొట్టం ఉంటే ఈ వేగం అందుతుంది. 150 గజాలకు గురి సరిచేసుకుంటే 100 గజాల దగ్గర తూటా సుమారు 3 అంగుళాలు పైన తగులుతుంది. 200 దగ్గర 7 అంగుళాలు కిందికి దిగుతుంది, 250 దగ్గర 19, 20 అంగుళాలు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 8 అంగుళాల వెడల్పు ఉంటే ఎక్కువ. కాబట్టి 200 దాటాక దూరం అంచనాలో 20 గజాలు పొరబడ్డా తూటా ఆ చోటు తప్పిపోతుంది. లేజర్ రేంజ్‌ఫైండర్ లేకుండా ఆ దూరాల మాట ఎత్తకండి.

చాలామంది తూటా కిందికి దిగడం గురించే ఆలోచిస్తారు. గాలి అంతకంటే పెద్ద శత్రువు. గంటకు 10 మైళ్ల అడ్డగాలి పై తూటాను 100 గజాల దగ్గర 3 అంగుళాల లోపే నెడుతుంది, 200 దగ్గర దాదాపు అడుగు నెడుతుంది. దూరాన్ని యంత్రం కొలిచి చెబుతుంది. చేనులో గాలిని మాత్రం మీరే చదవాలి. అందుకే మామూలు వేటగాడికి 200 గజాలే హద్దు అని మా అభిప్రాయం, అదీ గాలి లేని రోజున, తుపాకీకి గట్టి ఆనిక ఉన్నప్పుడు.

ఆ హద్దుకు 50 క్యాలిబర్ ఇన్‌లైన్ (నిప్పు మందుకు సూటిగా వెనక నుంచి తగిలే రకం) చాలు. కొనేటప్పుడు చూడాల్సింది గొట్టం లోపలి మర (తూటాను తిప్పే మెలికల గాడి): 28 అంగుళాలకు ఒక చుట్టు తిరగాలి. 250, 300 గ్రెయిన్ల సాబో తూటాలకు (సాబో అంటే తూటా చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) అది సరిపోతుంది. 48కి ఒక చుట్టు ఉన్నది రాజీబేరం, 66కి ఒక చుట్టు ఉన్నది గుడ్డముక్కలో చుట్టి వేసే గుండ్రటి సీసపు గుండుకు. నిప్పుకు 209 రకం ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న గుళిక), గొట్టం 28 అంగుళాలు, బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక చివరను మూసే బిరడా) పనిముట్టు లేకుండా చేత్తో విప్పుకునేలా ఉండాలి. సీవీఏ అక్యురా, ట్రెడిషన్స్ వోర్టెక్ లాంటి, గొట్టాన్ని కిందికి వంచి తెరిచే మడత తుపాకులు ఈ తరగతివే. పైన 3-9x40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దది చేసి చూపే గురి అద్దం) పెట్టుకోండి. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చీలకుండా కంటికీ స్కోపుకీ మధ్య కనీసం మూడున్నర అంగుళాల దూరం ఉండే రకమే తీసుకోండి.

250 గజాలు తప్పదంటే దారి వేరు. 45 క్యాలిబర్ సీవీఏ పారమౌంట్‌లో మర 22 అంగుళాలకే ఒక చుట్టు తిరుగుతుంది, 209 బదులు లార్జ్ రైఫిల్ ప్రైమర్ పడుతుంది, మందు ఎక్కువ పడుతుంది. సన్నగా పొడుగ్గా ఉండే 280 గ్రెయిన్ల తూటా గాలికి తక్కువ లొంగుతుంది. కానీ తుపాకీ బరువు, దాని తూటాలు ఖరీదు. 250 గజాల దగ్గర అయిదు తూటాలు 8 అంగుళాల పళ్లెంలో పెట్టగలిగేంత సాధన చేసే ఓపిక ఉంటేనే దానికి డబ్బు పెట్టండి.

ప్రశ్న: మూడు పెలెట్లు (మందు బిళ్లలు) వేస్తే తూటా దూరం పోతుందంటున్నారు. నిజమేనా? పొడిమందు కొలిచి పోసుకోవడం మంచిదా?

జవాబు: మామూలుగా ఒక్కో పెలెట్ 50 గ్రెయిన్లు, మూడు కలిస్తే 150. రెండు పెలెట్లతో పోలిస్తే వేగం పెరిగే మాట నిజమే. కానీ 150 గజాలకు గురి పెట్టుకున్న తుపాకీలో 200 గజాల దగ్గర ఆ తేడా రెండు మూడు అంగుళాలే. భుజం మీద దెబ్బ మాత్రం బాగా పెరుగుతుంది, పొట్టి గొట్టంలో మూడో పెలెట్ పూర్తిగా కాలదు. పైగా ఈ 50 గ్రెయిన్ల పెలెట్లతో 100 తర్వాత ఏకంగా 150కి దూకాల్సిందే. మీ తుపాకీ 105 దగ్గర బాగా కొడుతుందేమో మీకెప్పటికీ తెలియదు.

దూరానికైతే మా ఓటు పొడిమందుకే, అందులోనూ బ్లాక్‌హార్న్ 209 అనే రకానికి. మసి తక్కువ, తూటా తూటాకీ వేగం నిలకడగా ఉంటుంది. దానికి రెండు షరతులున్నాయి. ఒకటి, ఆ మందుకు పనికొచ్చే బ్రీచ్ ప్లగ్ ఉండాలి. రెండు, సీసీఐ 209ఎమ్, ఫెడరల్ 209ఏ లాంటి ఘాటైన ప్రైమర్లే వాడాలి. మజిల్‌లోడర్ కోసమని బలం తగ్గించి అమ్మే ప్రైమర్లతో అది నమ్మకంగా అంటుకోదు.

కొలతలో జాగ్రత్త. మజిల్‌లోడర్ మందు లెక్కలు ఘనపరిమాణంలో చెబుతారు. బ్లాక్‌హార్న్ 100 గ్రెయిన్ల కొలత కాటా మీద 70 గ్రెయిన్లే తూగుతుంది. గరిష్ఠం 120 కొలత, అంటే కాటా మీద 84. ఇది తెలియక కాటా మీద 100 గ్రెయిన్లు తూచి పోస్తే కొలతలో 143 అవుతుంది. హద్దు ఎంత దాటిపోయిందో చూడండి. 80 కొలత దగ్గర మొదలుపెట్టి అయిదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ పోండి. తూటాలు గురి మీద దగ్గర దగ్గరగా పడే కొలత దగ్గర ఆపేయండి, ఇంకాస్త వేగం కోసం ఆశపడకండి. ట్రిపుల్ సెవెన్ అనే మరో రకం పొడి వాడేవాళ్లు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) లెక్కలో 15 శాతం తగ్గించి పోయాలి.

మామూలు రైఫిల్ తూటాల్లో వాడే పొగరాని మందును మామూలు మజిల్‌లోడర్‌లో చిటికెడు కూడా వేయకూడదు. గొట్టం పేలి చేతులు పోతాయి, ప్రాణమూ పోవచ్చు.

ప్రశ్న: ట్రిపుల్ సెవెన్‌తో మొదటి రెండు తూటాలు పక్కపక్కనే పడతాయి, మూడోది 5 అంగుళాలు ఎటో పోతుంది. స్కోప్ మార్చాలా?

జవాబు: స్కోప్ బిగింపు మరలు ఒకసారి చూసుకోండి. అవి గట్టిగా ఉంటే స్కోపును వదిలేసి గొట్టం సంగతి చూడండి.

ట్రిపుల్ సెవెన్ కాలాక మందు ఉండే చోటికి కాస్త ముందు గట్టి మసి వలయం కడుతుంది. మూడో తూటా దిగేటప్పుడు దాని దగ్గర ఆగుతుంది. మీరు తూటా కూర్చుందనుకుంటారు, నిజానికి అది మందుకు పైన ఖాళీ వదిలి ఉంటుంది. గురి చెడడంతో ఆగదు, ఆ ఖాళీ వల్ల గొట్టం ఉబ్బిపోవచ్చు. కాబట్టి ప్రతి తూటాకూ మధ్య తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ రెండు వైపులా ఒకటి గొట్టంలో నడపండి. శుభ్రమైన గొట్టంలో తూటా పూర్తిగా కూర్చున్నప్పుడు మూతి దగ్గర రామ్‌రాడ్ (తూటాను లోపలికి దించే కడ్డీ) మీద గీత పెట్టుకోండి. ఆ గీత ప్రతిసారీ మూతికి సమంగా రావాలి. వేటలో మధ్యమధ్యలోనూ చూసుకోండి. వదులు సాబో నడకలో కుదుపుకు ముందుకు జారుతుంది.

రెండో కారణం వేడి. వేడెక్కిన గొట్టంలో ప్లాస్టిక్ సాబో మెత్తబడుతుంది. గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలేవరకూ ఆగండి. అయిదు నిమిషాలు తక్కువ కాదు, ఎండాకాలం ఇంకా ఎక్కువ.

సాబో ఏం చెబుతోందో కూడా చూడండి. మూతికి ముందు పది, ఇరవై గజాల్లో గడ్డిలో పడి ఉంటాయి, ఏరుకోండి. రేకులు నాలుగూ ఒకే తీరున వెనక్కి విచ్చుకుని, అడుగు గుండ్రంగా నిలిచి ఉంటే సరే. ఒక రేకు చిరిగినా, అడుగు కాలి బొక్క పడినా ఆ మందుకు ఆ సాబో తట్టుకోవట్లేదని అర్థం. మందు 10 గ్రెయిన్లు తగ్గించండి, లేదా దళసరి సాబో వాడండి.

ఇంకో మాట: వేటలో లెక్కకొచ్చేది మొదటి తూటా. నూనె తుడిచిన చల్లటి గొట్టం నుంచి మొదటి తూటా ఎక్కడ పడుతుందో వేరే వేరే రోజుల్లో చూసి స్కోప్ దానికి సరిచేసుకోండి.

ప్రశ్న: కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్‌కి మ్యూల్ డీర్ (ఒక రకం జింక) ట్యాగ్, అంటే వేట అనుమతి, వచ్చింది. పై తరహా తుపాకీ తీసుకెళ్లవచ్చా?

జవాబు: తుపాకీ తీసుకెళ్లవచ్చు, దాని మీది సామాను కాదు. అక్కడ మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్, సాబో, పెలెట్లు, పొగరాని మందు ఏవీ కుదరవు. జింకకు కనీసం 40 క్యాలిబర్ ఉండాలి. పొడిమందు, గొట్టానికి సరిపడే, కోసుగా ఉండే సీసపు (కోనికల్) తూటా, ఇనుప సైట్లు (అద్దాల్లేని గురి గుర్తులు), ఇవే మీ సరంజామా.

ఇనుప సైట్లతో దూరాన్ని నిర్ణయించేది ముందు పూస, అంటే గొట్టం మూతి దగ్గరి గురి బొడిపె. 0.09 అంగుళాల పూస కంటికి 36 అంగుళాల దూరంలో ఉంటే, 100 గజాల దగ్గర 9 అంగుళాల జాగాను కప్పేస్తుంది. జింక గుండె దగ్గరి చోటంతా దాని చాటున పోయినట్టే. 0.06 పూస వేయించుకుంటే 6 అంగుళాలే కప్పుతుంది. వెనక పీప్ సైట్ (సన్నటి రంధ్రంలోంచి చూసే గురి గుర్తు) పెట్టుకోండి. ఇంత చేసినా 125 గజాలు దాటొద్దు.

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్ ఇంకా కఠినం. అక్కడ చెకుముకి రాయి తుపాకీయే ఉండాలి, ఇన్‌లైన్ పనికిరాదు. ఏ రాష్ట్రమైనా ఈ ఏడాది నియమాల పుస్తకం చదివాకే కొట్టుకు వెళ్లండి.

ప్రశ్న: నేను హెచ్-1బీ వీసా మీద ఉన్నాను. మజిల్‌లోడర్ కొనవచ్చా?

జవాబు: వలసేతర వీసాదారులు తుపాకీ గానీ మందుగుండు గానీ ఉంచుకోకూడదని సమాఖ్య చట్టం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. నల్ల తుపాకిమందుకో దాని ప్రత్యామ్నాయానికో చేసిన మామూలు మజిల్‌లోడర్ ఆ చట్టం దృష్టిలో తుపాకీ లెక్కలోకి రాదు. అలాగని నిశ్చింతగా ఉండకండి. గొట్టం మార్చుకుని రైఫిల్‌గా వాడగలిగే ఎన్‌కోర్ లాంటివి, వెనక నుంచి ఫైర్‌స్టిక్ (ముందే మందు నింపిన డబ్బీ) పెట్టే ట్రెడిషన్స్ నైట్రోఫైర్ తుపాకీ కిందికే వస్తాయి. 209 ప్రైమర్లు షాట్‌గన్‌వి కాబట్టి మందుగుండు కిందికి వస్తాయి. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు మజిల్‌లోడర్‌నీ తుపాకీగానే చూస్తాయి. ముందు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని, ఆ తర్వాతే కొనండి. లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ తీరిపోతుంది. అనుమానం ఉంటే లాయర్‌ను అడగండి.

ప్రశ్న: చలిలో ట్రిగ్గర్ నొక్కితే ప్రైమర్ పేలింది, మందు అంటుకోలేదు. ఎందుకు?

జవాబు: ముందు చేయాల్సింది: తుపాకీ మూతి ఎవరూ లేని దిక్కుకే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత కొత్త ప్రైమర్ పెట్టి మళ్లీ ప్రయత్నించండి. అయినా పేలకపోతే ప్రైమర్ తీసేసి, బ్రీచ్ ప్లగ్ విప్పి మందూ తూటా బయటికి తీయండి.

సాధారణంగా కారణం గొట్టంలో మిగిలిన నూనె, లేదా వెచ్చటి ఇంట్లోంచి చలిలోకి, మళ్లీ ఇంట్లోకి తెచ్చినప్పుడు పట్టిన చెమ్మ. మందు పోయకముందే రెండు మూడు ప్రైమర్లు ఉత్తగా పేల్చండి. ఆ పేల్చేటప్పుడు గొట్టం అడుగున పొడి గుడ్డ ఉంచి తీస్తే దాని మధ్యలో నల్లగా కాలిన మచ్చ కనబడాలి. మచ్చ లేకపోతే నిప్పు దారి మూసుకుపోయినట్టే. బ్లాక్‌హార్న్ వాడేవాళ్లు ప్లగ్‌లోని నిప్పు దారిలో గట్టిపడిన మసిని అంగుళంలో ఎనిమిదో వంతు డ్రిల్ బిట్‌తో, చేత్తోనే తిప్పుతూ గీకేయాలి. ప్లగ్ మరలకు యాంటీ-సీజ్ గ్రీజు రాసి బిగించండి. సీజన్ రోజుల్లో రాత్రిపూట ప్రైమర్ తీసేసి, తుపాకీని తాళం వేసిన చల్లటి చోటే ఉంచండి. ప్రైమర్ తీస్తే చాలా రాష్ట్రాల్లో తుపాకీ ఖాళీ అయినట్టే లెక్క, అయినా మీ రాష్ట్రం ఏమంటుందో చూసుకోండి.