అడ్రస్ బార్‌లో బ్యాంకు పేరే ఉంది, డబ్బు పోయింది: భారం ఎవరిది?

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. కేవైసీ అప్‌డేట్ అంటూ వచ్చిన లింకు ఫోన్‌లో తెరిస్తే పైన మా బ్యాంకు వెబ్ అడ్రసే కనిపించింది. పాస్‌వర్డు, ఓటీపీ కొట్టాను. సోమవారం సాయంత్రం పొదుపు ఖాతా నుంచి రూ.48,000 పోయినట్టు మెసేజ్ వచ్చింది. బుధవారం ఉదయం బ్రాంచిలో కాగితం ఇచ్చాను. ‘ఓటీపీ మీరే ఇచ్చారు, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: వదులుకోకండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలిపినవారిపై పైసా భారం పడదు. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, మీ బ్రాంచి పనిదినాలే లెక్క. మీరు రెండో రోజే చెప్పారు. ఖాతాదారు నిర్లక్ష్యమని తేలితే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా ఖాతాదారు నెత్తినే పడుతుంది. బ్యాంకు పట్టుకున్నది ఈ కొసనే. కానీ ఆ బాధ్యత మీదని రుజువు చేయాల్సింది బ్యాంకే, ఇదీ ఆ సర్క్యులర్‌లోని మాటే.

కాబట్టి మీరు చూసిన అడ్రసు ఎలాంటిదన్నదే కీలకం. పైన అసలు అడ్రసు, కింద దొంగ పేజీ రావడం జరిగే పనే. 2018లో రఫే బలోచ్ అనే పరిశోధకుడు సఫారీ, ఎడ్జ్ బ్రౌజర్లలో దీన్ని చూపించారు. దొంగ పేజీ, అసలు సైటును జవాబివ్వని పోర్టులో (సర్వర్‌కు చేరే నంబరు ద్వారంలో) పిలుస్తుంది. అడ్రస్ బార్ వెంటనే అసలు పేరుకు మారిపోతుంది. లోడు కాక ఆగిన ఆ సందులో కింద కనిపించేదాన్ని స్క్రిప్టు తనకిష్టమొచ్చినట్టు మార్చేస్తుంది. దీన్ని కంటితో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు, నిర్లక్ష్యమనడం అన్యాయం. అదే ఒక అక్షరం తేడా ఉన్న అడ్రసైతే మీ వాదన బలహీనపడుతుంది. ఓటీపీ మెసేజ్‌లోనే ‘రూ.48,000 చెల్లింపునకు’ అని ఉంటే ఇంకా కష్టం. ముందు ఆ మెసేజ్ మళ్లీ చదవండి, చెరపకండి.

ఫోన్ రీసెట్ చేయవద్దు. బ్రౌజర్ అప్‌డేట్ చేసేముందు సెట్టింగ్స్‌లో కనిపించే వెర్షన్ నంబరును వేరే ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ వెర్షన్‌లో లోపం ఉందో లేదో నిపుణులు తేల్చాలంటే అది కావాలి, అప్‌డేట్ అయితే మారిపోతుంది. హిస్టరీనీ, లింకు వచ్చిన మెసేజ్‌నూ అలాగే తీయండి. లింకు మాత్రం మళ్లీ తెరవకండి. పాస్‌వర్డు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి. కోర్టుదాకా వెళితే ఈ ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకిచ్చే సర్టిఫికెట్ జతచేయాలి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా ఫోన్ చేయకపోతే ఇప్పుడే చేయండి. డబ్బు వెళ్లిన ఖాతాలో ఎంత మిగిలితే అంత హోల్డ్‌లో పెట్టే దారి అదే. హోల్డ్ అయిన సొమ్ము కోసం బీఎన్ఎస్ఎస్ (కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టం) సెక్షన్ 503 కింద మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయవచ్చు. విశాఖ సైబర్ క్రైమ్ స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదులో ఐటీ చట్టం 66సి, 66డి, బీఎన్ఎస్ (కొత్త శిక్షా చట్టం) 318(4) సెక్షన్లు రాయండి.

బ్యాంకు నోటిమాటను ఒప్పుకోకండి, తిరస్కరణ రాతపూర్వకంగా అడగండి. సర్క్యులర్ ప్రకారం ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తం తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తిరస్కరించినా, 30 రోజుల్లో జవాబివ్వకున్నా బ్యాంకులపై ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు, ఆర్బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్‌కు ముందే వెళితే అంబుడ్స్‌మన్ అదే ఫిర్యాదును తీసుకోరు, అందుకే ఈ వరుస ముఖ్యం. బుధవారం ఇచ్చిన కాగితం నకలు మీద బ్రాంచి సీలు, తేదీ లేకపోతే ఆ నకలుతో ఈరోజే బ్యాంకుకు ఈమెయిల్ పెట్టి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.